ఎదుటి బండి వస్తోందా, ఆగి ఉందా? స్టీరియో చిత్రాల నుంచి త్రీడీ కదలిక పట్టడానికి ఏ పద్ధతి ఎంచుకోవాలి

ప్రాజెక్టు మొదలుపెట్టే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. “అన్నా, కిట్టీ పట్టికలో పైనున్న మోడల్ డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోతుంది కదా?” (కిట్టీ అంటే రోడ్డు మీద తీసిన బొమ్మల డేటాసెట్. ఏ మోడల్ ఎంత బాగా చేస్తుందో దాని మీద పరీక్షించి పట్టిక వేస్తారు.) చాలాసార్లు సరిపోదు. ఆ మోడల్ చెడ్డదని కాదు. ఎదుటి బండి ఎంత వేగంగా మన మీదికి వస్తోందో తెలియాలంటే, పట్టికలో స్థానం కంటే ముందు చూసుకోవాల్సిన లెక్క ఒకటుంది. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుంటే పది నిమిషాల పని. ఆ లెక్క వేయకుండా నెలల తరబడి ట్రైనింగ్ చేసి, చివరికి ఆగి ఉన్న కారు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో కదులుతున్నట్టు స్క్రీన్ మీద చూసి తల పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. నేనూ ఆ దారిన వెళ్లి వచ్చినవాణ్నే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అసలు పని ఇది. ఎడమ, కుడి కెమెరాలు ఒకే క్షణంలో ఒక జత బొమ్మలు తీస్తాయి. కాసేపటికి ఇంకో జత. ఈ నాలుగు బొమ్మలు చూసి, కనిపించే ప్రతి బిందువూ పక్కకి ఎంత జరిగిందో, పైకో కిందికో ఎంత జరిగిందో, మన వైపుకో దూరంగానో ఎంత జరిగిందో చెప్పాలి. ఒకే జతలో ఎడమ బొమ్మకీ కుడి బొమ్మకీ మధ్య బిందువు ఎన్ని పిక్సెళ్లు జరిగి కనిపిస్తుందో అది డిస్పారిటీ. దాన్నుంచి దూరం వస్తుంది. ఒకే కెమెరా తీసిన ముందు బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య జరిగింది ఆప్టికల్ ఫ్లో. రెండూ కలిపితే త్రీడీ కదలిక. 1999లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సుందర్ వేదుల, ఆయన సహచరులు దీనికి సీన్ ఫ్లో అని పేరు పెట్టారు. ఇప్పటికీ అందరూ అలాగే పిలుస్తున్నారు.

ముందు లెక్క వేసుకోండి

దూరం సూత్రం సులువే. పిక్సెళ్లలో కొలిచిన ఫోకల్ లెంగ్త్‌ని బేస్‌లైన్‌తో, అంటే రెండు కెమెరాల మధ్య ఎడంతో, గుణించి డిస్పారిటీతో భాగించాలి. ఉదాహరణకి కిట్టీ కారు మీది కెమెరాలనే తీసుకుందాం. జర్మనీలోని కార్ల్స్‌రూ విద్యాసంస్థ, షికాగోలోని టొయోటా విద్యాసంస్థ కలిసి తయారుచేసిన డేటాసెట్ అది. ఫోకల్ లెంగ్త్ సుమారు 721 పిక్సెళ్లు, బేస్‌లైన్ సుమారు 54 సెంటీమీటర్లు, సెకనుకు 10 ఫ్రేములు. మీటర్లలో గుణిస్తే 389. అంటే 20 మీటర్ల దూరంలో ఉన్న కారుకి డిస్పారిటీ 19.5 పిక్సెళ్లు, 40 మీటర్ల దగ్గర 9.7.

ఇప్పుడు డిస్పారిటీలో అర పిక్సెల్ తప్పు వచ్చిందనుకోండి. 20 మీటర్ల దగ్గర దూరం అర మీటరు తప్పుతుంది. 40 మీటర్ల దగ్గర రెండు మీటర్లు. దూరం రెట్టింపైతే తప్పు నాలుగింతలు. ఇక్కడిదాకా పుస్తకాల్లో ఉంటుంది, చాలామందికి తెలుసు. అసలు దెబ్బ తర్వాతి మెట్టులో తగులుతుంది. వేగం కావాలంటే రెండు ఫ్రేముల్లోని దూరాలను తీసివేసి, మధ్య గడిచిన కాలంతో భాగిస్తాం. రెండు దూరాల్లోనూ అర మీటరు చొప్పున నాయిస్, అంటే ఎటు పడితే అటు వచ్చే తప్పు, ఉంటే, తేడాలో 0.73 మీటరు ఉంటుంది. దాన్ని సెకనులో పదో వంతుతో భాగిస్తే సెకనుకు 7 మీటర్ల పైనే తేలుతుంది. గంటకు 26 కిలోమీటర్లు! సిగ్నల్ దగ్గర కదలకుండా నిలబడ్డ కారుకి ఒక ఫ్రేములో ముందుకు, ఇంకో ఫ్రేములో వెనక్కు ఇంత వేగం అంటగడతాం. ఇంతా చేసి, అర పిక్సెల్ అంటే మంచి మ్యాచింగ్ (ఒక బొమ్మలోని బిందువుని ఇంకో బొమ్మలో వెతికి పట్టడం) కిందే లెక్క.

అదే అర పిక్సెల్ తప్పు ఆప్టికల్ ఫ్లోలో వస్తే ఏమవుతుందో చూడండి. 20 మీటర్ల దగ్గర అది పక్కకి 1.4 సెంటీమీటర్లు. వేగంలో సెకనుకు 14 సెంటీమీటర్లు. అడ్డంగా రోడ్డు దాటే మనిషి వేగాన్ని ఇంత చక్కగా పట్టే కెమెరా, ఎదురుగా వచ్చే బండి విషయంలో యాభై రెట్లు తడబడుతుంది. కాబట్టి ఏ పద్ధతి అని అడిగే ముందు, నాకు కావలసిన కదలిక ఏ దిక్కుది, ఎంత దూరంలోది అని మిమ్మల్ని మీరు అడగాలి. కావలసింది అడ్డం కదలికే అయితే సగం టెన్షన్ ఇక్కడే తీరిపోయింది.

ఇంకో తిరకాసు ఉంది. ఫ్రేమ్ రేటు పెంచితే అంతా బాగుపడుతుందని అనుకుంటాం. రెండు ఫ్రేముల మధ్య బిందువు తక్కువ జరుగుతుంది కాబట్టి మ్యాచింగ్ తేలికవుతుంది, నిజమే. కానీ పక్కపక్క ఫ్రేములనే తీసివేస్తే భాగించే కాలం చిన్నదై, నాయిస్ పెరుగుతుంది. 12 సెంటీమీటర్ల బేస్‌లైన్, 700 పిక్సెళ్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న చిన్న కెమెరాకి 2 మీటర్ల దగ్గర పావు పిక్సెల్ తప్పు అంటే దూరంలో 1.2 సెంటీమీటర్లే. చూడ్డానికి ఎంతో బాగుంది. సెకనుకు 30 ఫ్రేముల్లో పక్కపక్కవి తీసివేస్తే మాత్రం వేగంలో సెకనుకు అర మీటరు తప్పు.

దీనికి మందు కాలమే. ఒక బిందువుని రెండు ఫ్రేముల్లో కాకుండా అర సెకను పాటు, అంటే కిట్టీ వేగంలో ఆరు ఫ్రేముల్లో పట్టుకుని, ఆ ఆరు దూరాల గుండా ఒక సరళరేఖ గీస్తే, 20 మీటర్ల దగ్గర సెకనుకు 7 మీటర్ల పైనున్న వేగం తప్పు 1.2 మీటర్లకు దిగుతుంది. ఆరింతల లాభం. ఒక్క కొత్త మోడల్ తెచ్చుకోకుండా వచ్చిన లాభం ఇది. ఆ అర సెకనులో బండి బ్రేక్ వేస్తే రేఖ కాస్త ఆలస్యంగా పసిగడుతుంది, అది మనం చెల్లించే ధర. కింద చెప్పే ప్రతి పద్ధతినీ నేను ఈ కళ్లతోనే చూస్తాను: నాయిస్‌ని తగ్గించడానికి అది కాలాన్ని వాడుకుంటోందా, పక్క బిందువుల సాయం తీసుకుంటోందా, లేక రెండు ఫ్రేములు తీసివేసి చేతులు దులుపుకుంటోందా?

కొన్ని బిందువులనే గట్టిగా పట్టుకోవడం

బొమ్మలో స్పష్టంగా గుర్తుపట్టగల మూలలను, అంచుల కలయికలను మాత్రమే ఎంచుకుని, వాటిని నాలుగు బొమ్మల్లోనూ వెతకడం అన్నిటికంటే పాత దారి. 1981 నాటి లూకాస్-కనాడే ట్రాకింగ్ ఓపెన్‌సీవీ అనే ఉచిత ప్రోగ్రాముల సంపుటిలో సిద్ధంగా ఉంది. ఎడమ నుంచి కుడికి, అక్కణ్నుంచి తర్వాతి కుడికి, తర్వాతి ఎడమకి, మళ్లీ మొదటి ఎడమకి ఒక చుట్టు తిప్పి, బయల్దేరిన చోటికే తిరిగి వచ్చిన బిందువుని మాత్రమే నమ్మడం మంచి అలవాటు. ఆ తర్వాత ఒక్కో బిందువుకీ ఒక కాల్మన్ ఫిల్టర్ (పాత అంచనాని కొత్త కొలతతో కలిపి సరిదిద్దుతూ పోయే లెక్క) పెడతారు. డైమ్లర్ పరిశోధకులు ఊవె ఫ్రాంకె బృందం 2005లో సిక్స్‌డీ విజన్ పేరుతో చేసింది ఇదే. ప్రతి బిందువుకీ మూడు స్థాన సంఖ్యలు, మూడు వేగ సంఖ్యలు, వెరసి ఆరు. ఫ్రేము గడిచేకొద్దీ వేగం అంచనా గట్టిపడుతూ వస్తుంది. పైన చెప్పిన సరళరేఖ వైద్యాన్ని ఫ్రేము ఫ్రేముకీ చేయడమన్నమాట.

జీపీయూ లేకుండా మామూలు ప్రాసెసర్ మీద నడుస్తుంది. ఏది తప్పుతోందో కళ్లకి కనిపిస్తుంది, సరిచేసుకోవచ్చు. సున్నం కొట్టిన గోడ మీద, మెరిసే కారు తలుపు మీద బిందువులు దొరకవు. వస్తువు ఆకారం రాదు. ఇవి నిజమైన లోపాలే. అయినా ఇవాళ ఈ పద్ధతికి దక్కాల్సిన గౌరవం దక్కడం లేదని నా అభిప్రాయం.

పైగా ఈ పని ఎలాగూ చేయక తప్పదు. కెమెరా కారు మీద ఉంటే, నాలుగు బొమ్మల నుంచి వచ్చే కదలిక మన కదలికతో కలిసి ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఒక్కో ఫ్రేముకి 1.67 మీటర్లు ముందుకు జరుగుతాం. రోడ్డు పక్క చెట్లన్నీ అంత వేగంతో మీదికి వస్తున్నట్టే ఉంటుంది. మన కదలికను తీసివేస్తేనే మిగతాది అర్థమవుతుంది. కదలని నేపథ్య బిందువులను రాన్‌సాక్‌తో (పొసగని బిందువులను పక్కన పెట్టే పద్ధతి) ఏరి, మన కదలికను లెక్కకట్టడానికి ఈ కొద్ది బిందువుల పద్ధతే నమ్మకమైనది. ఇక్కడ పొరపాటు ఖరీదైనది. కారు తిరిగిన కోణంలో డిగ్రీలో పదో వంతు తప్పు వస్తే, 20 మీటర్ల దూరంలోని ప్రతి వస్తువూ ఫ్రేముకి 3.5 సెంటీమీటర్లు, సెకనుకు 35 సెంటీమీటర్లు పక్కకి జరుగుతున్నట్టు కనిపిస్తుంది.

డిస్పారిటీ విడిగా, ఫ్లో విడిగా

ప్రతి పిక్సెల్‌కీ జవాబు కావాలంటే చాలామంది చేసేది ఇది. స్టీరియోకి ఒక పద్ధతి, ఫ్లోకి ఒక పద్ధతి తెచ్చి కలిపేస్తారు. స్టీరియోకి హిర్ష్‌ముల్లర్ 2005లో ఇచ్చిన సెమీ గ్లోబల్ మ్యాచింగ్, ఫ్లోకి ఓపెన్‌సీవీలోని డిస్ పద్ధతి. జీపీయూ ఉంటే న్యూరల్ నెట్‌వర్క్ మోడళ్లు: 2020లో వచ్చిన రాఫ్ట్, 2021లో వచ్చిన రాఫ్ట్ స్టీరియో. రేపు ఇంకా మంచి స్టీరియో మోడల్ వస్తే ఆ ఒక్క ముక్క మార్చుకుంటే చాలు. ఇంజినీరింగ్ పరంగా ఇది పెద్ద సుఖం.

చిక్కంతా అంచుల దగ్గర. మొదటి ఫ్రేములో కారు అంచు మీది పిక్సెల్ తర్వాతి ఫ్రేములో ఎక్కడికి వెళ్లిందో ఫ్లో చెబుతుంది, అక్కడి డిస్పారిటీ చదువుతాం. ఫ్లో రెండు పిక్సెళ్లు తప్పి వెనక గోడ మీద పడిందనుకోండి. 10 మీటర్ల కారు ఒక్క ఫ్రేములో 30 మీటర్ల గోడ దగ్గరికి పోయినట్టు, సెకనుకు 200 మీటర్ల వేగం వస్తుంది. ఇక తర్వాతి ఫ్రేములో మరుగున పడిపోయిన పిక్సెళ్లకి జవాబే ఉండదు. ఉన్నట్టు ఒక సంఖ్య మాత్రం వస్తుంది. అందుకే ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి డిస్పారిటీ పొసుగుతోందా, ముందుకి వెనక్కి ఫ్లో పొసుగుతోందా అని రెండు పరీక్షలూ పెట్టి, పొసగని పిక్సెళ్లను ఖాళీగా వదిలేయండి. ఖాళీని చూసి బాస్ అడిగితే చెప్పుకోవచ్చు. తప్పుడు వేగానికి బండి బ్రేక్ వేస్తే చెప్పుకోలేం.

నాలుగు బొమ్మలనూ ఒకే సమీకరణంలో పెట్టి, మొత్తం తప్పు తగ్గేలా సాధించే వేరియేషనల్ పద్ధతులూ ఉన్నాయి. 2007లో ఉగే, దెవెర్నే అలా చేశారు. 2008లో వేడెల్ బృందం లెక్క త్వరగా తేలడం కోసం స్టీరియోని మళ్లీ విడదీసింది. చదవాల్సినవే కానీ, కొత్త ప్రాజెక్టుకి నేను వాటిని ఎంచుకోను.

వస్తువు మొత్తం ఒకటిగా కదులుతుందని నమ్మడం

కారు వంగదు, సాగదు. దాని మీది వేల పిక్సెళ్లన్నీ కలిసి చెప్పేది ఆరు సంఖ్యలే: మూడు జరగడానికి, మూడు తిరగడానికి. ఈ సంగతిని వాడుకున్న పద్ధతులు కిట్టీలో ఒక్కసారిగా ముందుకు దూకాయి. ఫోగెల్, షిండ్లర్, రోత్ 2013లో బొమ్మను చిన్న చిన్న పలకలుగా కోసి ఒక్కో పలకకీ ఒక కదలిక ఇచ్చారు. మెంజె, గైగర్ 2015లో ఇంకో అడుగు వేసి, దృశ్యంలో కదిలే వస్తువులు కొన్నే ఉంటాయి, ఒక్కోదానికీ ఒకే కదలిక అన్నారు. ఫలితం బాగుంది, సమయం మాత్రం ఒక్క ఫ్రేముకి దాదాపు 50 నిమిషాలు. బండిలో పనికిరాదు.

ఆ కోడ్ పనికిరాకపోయినా ఆలోచన బంగారం. ఇవాళ దాన్ని తేలిగ్గా అమలు చేయొచ్చు. ఏదైనా సెగ్మెంటేషన్ మోడల్‌తో (ఏ పిక్సెల్ ఏ వస్తువుదో చెప్పేది) కారు, లారీ, ఆటోల మాస్కులు, అంటే బొమ్మలో అవి పరుచుకున్న ప్రాంతాలు, తీసుకోండి. మాస్కు లోపలి బిందువుల త్రీడీ స్థానాలు రెండు ఫ్రేముల్లోనూ తీసుకుని, వాటికి ఒక్క రిజిడ్ (ఆకారం మారని వస్తువు) కదలికను రాన్‌సాక్‌తో అతికించండి. దాన్ని ఫ్రేముల వెంట ఫిల్టర్ చేయండి. పక్క బిందువుల సాయం, కాలం సాయం రెండూ అందుతాయి. రోడ్డు మీది వాహనాల వేగం కావాలంటే నా మొదటి ఎంపిక ఇదే.

ఒక జాగ్రత్త. నూరు బిందువుల సగటు తీస్తే తప్పు పదో వంతు అవుతుందని లెక్కల పుస్తకం చెబుతుంది, తప్పులు ఒకదానికొకటి సంబంధం లేనివైతేనే. సెమీ గ్లోబల్ మ్యాచింగ్ అయినా న్యూరల్ నెట్‌వర్క్ అయినా పక్క పిక్సెళ్లను కలిపి నునుపు చేస్తుంది కాబట్టి ఒక కారు మీది పిక్సెళ్లన్నీ ఒకే వైపుకి తప్పుతాయి. పదో వంతు ఆశించకండి, మూడో వంతుకి దిగినా సంతోషించండి. ఇక నడిచే మనిషికి చేతులొక దిక్కు, కాళ్లొక దిక్కు. మొత్తంగా ఎటు వెళ్తున్నాడో తెలిస్తే చాలనుకుంటే నడుము పైభాగం బిందువులతో సరిపెట్టుకోవచ్చు. చేయి కదలికే కావాలంటే ఈ పద్ధతి కాదు.

అంతా నెట్‌వర్క్‌కి అప్పగించడం

2016లో ఫ్లయింగ్‌థింగ్స్ త్రీడీ అనే కృత్రిమ డేటాసెట్ వచ్చాక ఈ దారి తెరుచుకుంది. గాలిలో ఎగిరే వస్తువుల బొమ్మలను కంప్యూటర్‌లో గీసి, ప్రతి పిక్సెల్‌కీ సరైన జవాబుతో వేల స్టీరియో ఫ్రేములు ఇచ్చారు. 2021లో టీడ్, డెంగ్‌ల రాఫ్ట్ త్రీడీ నాకు బాగా నచ్చిన పని. ప్రతి పిక్సెల్‌కీ ఒక రిజిడ్ కదలిక అంచనా వేస్తూ, ఒకే వస్తువుకి చెందినట్టున్న పిక్సెళ్లను తనే మెత్తగా గుంపు చేసుకుంటుంది. పై భాగంలో చెప్పిన ఆలోచనే, మాస్కులు లేకుండా. మనిషి చేయి, కుక్క కాలు, ఊగే కొమ్మ లాంటివాటికి ఇది సరైనది. గుర్తుంచుకోండి, దానికి రంగు బొమ్మతో పాటు లోతు కూడా ఇన్‌పుట్‌గా ఇవ్వాలి. అంటే ముందు స్టీరియో మోడల్ ఎలాగూ కావాలి, దాని తప్పులు ఇందులోకి నడిచొస్తాయి.

మన రోడ్ల సంగతి ఇక్కడ తప్పక చెప్పాలి. కిట్టీ అంతా కార్ల్స్‌రూ చుట్టుపక్కల తీసింది. దాని మీద ఫైన్‌ట్యూన్ చేసిన, అంటే చివరి శిక్షణ ఇచ్చిన, మోడల్‌కి నిండా గడ్డి ఎత్తిన ట్రాక్టరు, ముగ్గురెక్కిన బైకు, డివైడర్ మీద నిలబడ్డ గేదె కొత్త. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పాల్గొన్న ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌లో హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్లలో 182 డ్రైవ్‌ల నుంచి తీసిన 10,000 పైచిలుకు బొమ్మలకి ఏ పిక్సెల్ దేనిదో గుర్తించి పెట్టారు. కదలికకి జవాబులు కాకపోయినా, మాస్కులు తీసే మోడల్‌కి శిక్షణ ఇవ్వడానికి అవి చాలా విలువైనవి. మాస్కు, రిజిడ్ కదలిక కలిపే దారిని నేను వెనకేసుకు రావడానికి ఇదొక కారణం. మన రోడ్లకి తగ్గట్టు మార్చుకోవాల్సిన ముక్కకి మన దగ్గర డేటా ఉంది.

పట్టిక ఏం చెబుతుంది, ఏం చెప్పదు

కిట్టీ 2015 సీన్ ఫ్లో పరీక్షలో శిక్షణకి 200, పరీక్షకి 200 దృశ్యాలు. డిస్పారిటీ తప్పు 3 పిక్సెళ్లు, 5 శాతం రెండూ దాటితేనే ఆ పిక్సెల్ తప్పు కింద లెక్క. ఇప్పుడు 40 మీటర్ల దూరంలోని కారుని తీసుకోండి, డిస్పారిటీ 9.7. తప్పు 2.9 పిక్సెళ్లు ఉన్నా పాస్. అంటే ఆ కారు 31 మీటర్ల దగ్గర ఉందన్నా, 57 మీటర్ల దగ్గర ఉందన్నా పట్టిక దృష్టిలో సరైనదే! పట్టిక తయారుచేసినవాళ్ల తప్పు కాదిది. కొలత సాధనాల హద్దులు తెలిసి పెట్టిన గీత. కానీ ఒక మోడల్ తప్పుల శాతం ఇంకోదానికంటే సగం ఉందంటే దాని వేగం అంచనా రెట్టింపు బాగుంటుందని అనుకోకూడదు. ఇంకొకటి, కదిలే వాహనాలకి సరైన జవాబుని కార్ల త్రీడీ నమూనాలు అతికించి తయారుచేశారు. నడిచే మనుషుల మీద మోడల్ ఎలా ఉంటుందో ఆ అంకె మీకు చెప్పదు.

కెమెరా సరిగా లేకపోతే పై మాటలన్నీ వృథా

నా మొదటి సెటప్ ఒక చెక్క మీద బిగించిన రెండు వెబ్‌క్యామ్‌లు. రెండూ ఒకే క్షణంలో బొమ్మ తీసేవి కావు. తేడా 10 మిల్లీసెకన్లే కదా అనుకున్నాను. 10 మీటర్ల దూరంలో సెకనుకు 10 మీటర్ల వేగంతో అడ్డంగా వెళ్లే బైకు ఆ వ్యవధిలో 10 సెంటీమీటర్లు జరుగుతుంది. 700 పిక్సెళ్ల ఫోకల్ లెంగ్త్‌తో అది 7 పిక్సెళ్ల దొంగ డిస్పారిటీ. 12 సెంటీమీటర్ల బేస్‌లైన్‌కి అసలు డిస్పారిటీయే 8.4. బైకు ఎడమ నుంచి వస్తే ఒక దూరం, కుడి నుంచి వస్తే ఇంకో దూరం: ఒకసారి ఐదున్నర మీటర్లు, ఒకసారి 60 మీటర్లు. మూడు వారాలు కోడ్‌లో తప్పు వెతికాను. తప్పు కోడ్‌లో లేదు. హార్డ్‌వేర్ సింక్ (రెండు కెమెరాలూ ఒకే క్షణంలో తీయడం), గ్లోబల్ షటర్ (బొమ్మ మొత్తాన్నీ ఒకేసారి తీయడం) ఈ రెండింటి దగ్గర డబ్బు ఆదా చేయకండి.

రెడీమేడ్ స్టీరియో కెమెరా కొనే ముందు బేస్‌లైన్ చూడండి. రియల్‌సెన్స్ డీ435కి 5 సెంటీమీటర్లు, డీ455కి 9.5, జెడ్ 2కి 12. ఫోకల్ లెంగ్త్ ఒకటే అనుకుంటే, 5 సెంటీమీటర్లదానికి దూరంలో వచ్చే తప్పు 12 సెంటీమీటర్లదానికంటే 2.4 రెట్లు. గదిలో తిరిగే రోబోకి చిన్నదే మేలు, మరీ దగ్గరి వస్తువులను చూడగలదు. రోడ్డుకి ఈ మూడూ చిన్నవే.

క్యాలిబ్రేషన్, అంటే రెండు కెమెరాల అమరికని కొలిచి పెట్టుకోవడం, అందులో వచ్చే తప్పు స్వభావం వేరు. డిస్పారిటీ అన్ని ఫ్రేముల్లోనూ ఒకేలా ఒక పిక్సెల్ ఎక్కువ వస్తుంటే, కెమెరా కదలనప్పుడు ఆగి ఉన్న వస్తువు ఆగే ఉంటుంది, మీకు అనుమానమే రాదు. కారు గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకున్నాక 40 మీటర్ల దగ్గరి కరెంటు స్తంభం మన వైపు వచ్చే వేగాన్ని 18 శాతం తక్కువ చూపిస్తుంది. మన కదలిక తీసివేస్తే ఆ స్తంభం సెకనుకు 3 మీటర్ల వేగంతో మనకు దూరంగా పరుగెడుతున్నట్టు తేలుతుంది. గతుకుల్లో తిరిగిన కెమెరాని మళ్లీ మళ్లీ క్యాలిబ్రేట్ చేయాల్సిందే.

మరి ఎవరికి ఏది

జీపీయూ లేని కాలేజీ ప్రాజెక్టు, లేదా డ్రోన్ మీది చిన్న బోర్డు అయితే కొద్ది బిందువులు, కాల్మన్ ఫిల్టర్. ఇందులో నేర్చుకున్నది తర్వాత ఎక్కడికి వెళ్లినా పనికొస్తుంది. రోడ్డు వాహనం అయితే మాస్కులు, వస్తువుకొక రిజిడ్ కదలిక, కాలంలో ఫిల్టర్. డిస్పారిటీకి మీ జీపీయూ మోయగలిగినంత మంచి స్టీరియో మోడల్. గదిలో మూడు మీటర్ల లోపల వస్తువులు అందుకునే రోబో చేయి అయితే డిస్పారిటీ, ఫ్లో విడివిడిగా తీసి కలిపితే చాలు. ఆ దూరంలో లెక్క మన వైపే ఉంటుంది. ఆటగాడి కదలికలో, జంతువు నడకలో ప్రతి భాగమూ కావాలి, జవాబు రేపటికి వచ్చినా ఫర్వాలేదంటే రాఫ్ట్ త్రీడీ లాంటిది తీసుకుని, మీ సొంత దృశ్యాల మీద చేత్తో కొలిచిన కొన్ని జవాబులతో సరిచూసుకోండి. 40 మీటర్లకు అవతలి వాహనం ఎదురొచ్చే వేగం ఒకటి రెండు ఫ్రేముల్లోనే కావాలంటే మాత్రం స్టీరియో ఒక్కదాని మీద ఆధారపడకండి. ఎదురొచ్చే వేగాన్ని నేరుగా కొలిచే రాడార్‌ని పక్కన పెట్టుకోండి.

ఏది ఎంచుకున్నా మొదటి రోజే రెండు రికార్డింగులు చేయండి. ఒకటి, కెమెరా స్టాండ్ మీద, ఎదురుగా 5, 10, 20, 40 మీటర్ల దగ్గర ఆగి ఉన్న వస్తువులతో ఒక నిమిషం. రెండు, ఖాళీ రోడ్డు మీద నేరుగా నడుపుతూ, చుట్టూ కదలని స్తంభాలు, గోడలు మాత్రమే ఉండేలా ఇంకో నిమిషం. రెండింట్లోనూ ప్రతి వస్తువు అసలు వేగం సున్నా. మీ పద్ధతి చెప్పే వేగం సున్నా నుంచి ఎంత చెదురుతోందో ఒక్కో దూరానికీ విడిగా రాసుకోండి. మొదటి రికార్డింగులో చెదురు పైన వేసిన లెక్కకి దగ్గరగా ఉంటే పద్ధతి సరిగానే పనిచేస్తోంది. చాలా ఎక్కువుంటే మ్యాచింగ్ చూడండి. మొదటిది బాగుండి రెండోది పాడైతే క్యాలిబ్రేషన్, ఆ తర్వాత సొంత కదలిక లెక్క, ఆ తర్వాత సింక్, ఈ వరసలో వెతకండి.